స్విఫ్ట్ ముందు లింక్ రాడ్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? గుంతల్లో టక్ టక్ చప్పుడు

నిజాంపేట్_స్విఫ్ట్:

అందరికీ నమస్తే. నాది 2014 స్విఫ్ట్ డీజిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఉండేది హైదరాబాద్‌లో నిజాంపేట్, ఆఫీసు గచ్చిబౌలి, కాబట్టి రోడ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, వాన పడితే గుంత ఏదో నీళ్లు ఏవో తెలియదు. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు వస్తోంది. స్పీడ్‌లో పెద్దగా వినపడదు. కాలనీలో రెండో గేర్‌లో మెల్లగా పోతున్నప్పుడు, ముఖ్యంగా కేబుళ్ల కోసం తవ్వి సరిగ్గా పూడ్చని చోట్ల, అద్దాలు దించి ఉంటే చెవిలో కొట్టినట్టే వినిపిస్తుంది. స్టీరింగ్ లాగడం లేదు, టైరు ఒక పక్క అరగడం కూడా కనపడలేదు.

ఒక వర్క్‌షాప్‌లో చూపించాను. కారును లిఫ్ట్ మీదకి కూడా ఎక్కించలేదు. గేటు లోపల ఒక రౌండ్ తిప్పి, ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ, మౌంట్లు, లోయర్ ఆర్మ్‌లు రెండూ, లింక్ రాడ్లు, అన్నీ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇరవై వేలు దాటింది. ఏ పార్టు పోయిందని అడిగితే "పాత బండి కదా సార్, ఒకటి మార్చితే ఇంకోటి వస్తది, సెట్ మొత్తం మార్చేయండి" అన్నారు. పాడైంది ఏదో చెప్పకుండా డబ్బులు అడగడం నాకు నచ్చలేదు, కారు వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఆఫీసులో ఒకాయన అది లింక్ రాడ్ అయి ఉంటుంది, రెండు నట్లే, ఇంట్లోనే మార్చుకోవచ్చు అన్నాడు. నేను స్టెప్నీ మార్చడం, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ లాంటి పనులు సొంతంగానే చేసుకుంటాను, సస్పెన్షన్ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. అసలు పోయింది లింక్ రాడ్డేనని ఎలా తేల్చుకోవాలి? అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిజంగా చేయగలిగే పనేనా? చేసినవాళ్లు చెప్పండి.


పానాపట్టు_సైనిక్‌పురి:

బ్రదర్, ఎస్టిమేట్ పక్కన పెట్టండి. ముందు చప్పుడు ఎక్కడిదో తేలాలి, తేలకుండా పార్టులు మార్చడం అంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

లింక్ రాడ్ చేసే పని అర్థమైతే టెస్టు మీకే తడుతుంది. ముందు రెండు చక్రాల మధ్య అడ్డంగా స్టెబిలైజర్ బార్ అని ఒక స్ప్రింగ్ స్టీలు కడ్డీ ఉంటుంది, మలుపుల్లో కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపేది అదే. ఆ కడ్డీ చివరని షాక్ అబ్జార్బర్‌కి కలిపే జానెడు ముక్కే లింక్ రాడ్. దానికి రెండు చివర్లా చిన్న బాల్ జాయింట్లు, వాటి మీద రబ్బరు బూట్లు. బూటు చిరిగితే లోపలి గ్రీజు నీళ్లకి కొట్టుకుపోతుంది, దాని బదులు బురద చేరుతుంది, బాల్ అరిగి లూజ్ అవుతుంది, అప్పటి నుంచి టక్ టక్. వానాకాలంలో మొదలైందన్నారంటే నాకు ముందు దీని మీదే అనుమానం వస్తోంది. ఎడమ పక్క కావడం కూడా మామూలే, మన దగ్గర తవ్వకాలు, కుంగిన మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు అంచు విరిగిపోవడాలు అన్నీ ఎక్కువగా ఎడమ చక్రానికే తగులుతాయి.

ఇప్పుడు టెస్టు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా ఒక స్పీడ్ బ్రేకర్‌ని నేరుగా, మెల్లగా దాటండి. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు కడ్డీ తన బుష్‌లలో (రబ్బరు తొడుగుల్లో) అట్లా తిరుగుతుందే తప్ప మెలిపడదు, లింక్ మీద లోడ్ దాదాపు ఉండదు. తర్వాత అదే బ్రేకర్‌ని ఏటవాలుగా, ఒక చక్రం ఎక్కాక రెండోది ఎక్కేలా దాటండి. నేరుగా వెళ్తే చప్పుడు లేకుండా ఏటవాలుగా వెళ్తేనే వస్తే లింక్ రాడ్ గానీ, ఆ కడ్డీని పట్టుకునే బుష్‌లు గానీ అని తొంభై శాతం అనుకోవచ్చు. సెల్లార్ ర్యాంపు మొదట్లో మలుపు ఉన్న అపార్ట్‌మెంట్లలో ఈ చప్పుడు రోజూ అక్కడే వినిపిస్తుంది, మీ దగ్గర ర్యాంపు ఉంటే గమనించండి.

షాక్ అబ్జార్బర్ పోతే లక్షణం వేరు. బ్రేకర్ దాటాక ముందు భాగం ఒక్కసారి లేచి నిలబడకుండా ఇంకా ఊగుతుంది, షాక్ అబ్జార్బర్ ఒంటి మీద ఆయిల్ కారిన తడి, దాని మీద దుమ్ము అట్టకట్టి కనపడుతుంది. పై మౌంట్ పోతే కారు నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు కిర్రుమని గానీ, స్ప్రింగు ఎగిరినట్టు టంగుమని గానీ వస్తుంది. చక్రాన్ని దాని చోట పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్ పోతే బ్రేక్ వేసినప్పుడు, రివర్స్ నుంచి ముందుకి కదిలినప్పుడు ధబ్‌మని ఒక్క దెబ్బ. వీల్ బేరింగ్ అయితే టక్ టక్ ఉండదు, హూమ్ అని స్పీడ్‌తో పాటు పెరిగే మోత.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. గతుకుల మీద మెల్లగా వెళ్తూ బ్రేక్ పెడల్‌ని తేలిగ్గా తాకించి ఉంచండి. చప్పుడు ఆగిపోతే అది సస్పెన్షన్ కాదు, బ్రేక్ క్యాలిపర్ పిన్నులో, ప్యాడ్లో లూజుగా ఆడుతున్నట్టు. దీనికోసం షాక్ అబ్జార్బర్లు మార్పించుకుని, చప్పుడు అలాగే ఉందని తల పట్టుకున్నవాళ్లని చూశాను. డిక్కీలో జాకీ, వీల్ పానా బిగించి ఉన్నాయో లేదో కూడా ఓసారి చూడండి.

ఇక చేత్తో చూసే టెస్టు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే చక్రం వెనక చెయ్యి దూరుతుంది, విప్పక్కర్లేదు. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, రెండు చక్రాలూ నేల మీద ఉండగానే లింక్ రాడ్ పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఆడించండి. జాకీ ఎత్తి చూడొద్దు, ఒక పక్క ఎత్తితే కడ్డీ మెలిపడి లింక్‌ని బిగబట్టేస్తుంది, లూజు ఉన్నా చేతికి తెలియదు. ఇంట్లో ఎవరినైనా రూఫ్ అంచు పట్టుకుని కారుని పక్కకి ఊపమని, మీరు వేళ్లు జాయింట్ మీద పెట్టి ఉంచితే దెబ్బ నేరుగా వేలికే తగులుతుంది. ఇది చేసి ఇక్కడ రాయండి.


క్యాబ్_ఎల్బీనగర్:

అన్నా, నేను క్యాబ్ నడుపుతా, డిజైర్, రోజంతా ఇవే రోడ్ల మీద. లింక్ రాడ్లు మాకు టైర్ల లాంటివి, పోతూనే ఉంటాయి. పైన అన్న చెప్పిన టెస్టులు కరెక్టు, వాటికి నేను వంక పెట్టను. కానీ ఇంట్లో మార్చుకోవడం ఎందుకు అనేది నా ప్రశ్న. పార్టు కొన్ని వందల్లో వస్తుంది, తెలిసిన మెకానిక్ దగ్గరికి పోతే ఒక పక్కకి అరగంట పని, తీసుకునే మజూరీ కూడా తక్కువే. మీరు జాకీ స్టాండ్లు, పానాలు, ఎల్ కీలు అన్నీ కొనేసరికి ఆ డబ్బుతో నాలుగు సార్లు మార్పించుకోవచ్చు.

డబ్బు కన్నా నా భయం వేరే. మాతో పాటు నడిపేవాళ్లలో బండి జాకీ మీద ఉండగా చెయ్యి పెట్టి దెబ్బ తిన్నవాళ్లున్నారు. బండితో వచ్చే ఆ కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికే, దాన్ని నమ్మి చక్రం విప్పి లోపల చేతులు పెట్టొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

మీకు మెకానిక్ కావాలంటే పెద్ద బోర్డు చూసి పోకండి. ముందు బండి ఎత్తి, ప్రై బార్ (సందులో దూర్చి కదిపే ఇనుప రాడ్) పెట్టి ఒక్కో జాయింటు కదిపి, లూజు మీ కళ్లకి చూపించేవాడి దగ్గరికి పోండి. చూపించకుండా రాసిచ్చే కాగితం ఎంత పెద్ద షోరూందైనా ఒకటే. మార్చిన పాత పార్టులు డిక్కీలో వేయమని ముందే చెప్పండి.


నిజాంపేట్_స్విఫ్ట్:

చాలా థ్యాంక్స్. రెండు టెస్టులూ చేశాను. నేరుగా బ్రేకర్ దాటితే దాదాపు నిశ్శబ్దం, ఏటవాలుగా దాటితే ఎడమ వైపు రెండు దెబ్బలు స్పష్టంగా. బ్రేక్ తాకించినా మార్పు లేదు. తమ్ముడు కారు ఊపుతుంటే నేను లింక్ పట్టుకుని చూశాను, ఎడమ లింక్ కింద జాయింటు చేతిలోనే కొట్టుకుంటోంది, బూటు చిరిగి మట్టి కనపడుతోంది. కుడిది గట్టిగానే ఉంది కానీ దాని బూటు మీద కూడా పగుళ్లున్నాయి. షాక్ అబ్జార్బర్లు రెండూ పొడిగానే ఉన్నాయి.

క్యాబ్ అన్న చెప్పింది అర్థమైంది, డబ్బు మిగల్చడం కోసమే కాదు అన్నా. నా బండి కింద ఏముందో నాకు తెలియాలి, రేపు ఎవరైనా ఏదైనా చెప్తే అది నిజమో కాదో తేల్చుకోగలగాలి, అందుకే నేనే చేద్దామనుకుంటున్నాను. జాకీ స్టాండ్లు కొంటాను, అందులో రాజీ లేదు. మాది స్టిల్ట్ పార్కింగ్, నేల సమంగా సిమెంటు ఉంది. ఒక్క ఎడమదే మార్చాలా, రెండూనా? అలైన్‌మెంట్ చేయించాలా? నట్లు తుప్పు పట్టి ఉన్నాయి, అదొక్కటే టెన్షన్.


తార్నాక_ఐ20:

నేను మా ఐ20కి నాన్నతో కలిసి మార్చాను. స్విఫ్ట్‌లో కూడా అమరిక ఇదే పద్ధతి, పానా సైజులు మాత్రం మీ బండి మీద పెట్టి చూసుకోండి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో చిక్కొచ్చేదంతా నట్టు విప్పే దగ్గరా, బండి ఎత్తే దగ్గరా.

రెండూ మార్చండి. కుడి బూటు పగిలిందంటే వచ్చే వానాకాలానికి అదీ ఎడమ దారే పడుతుంది, బండి ఎలాగూ ఎత్తుతారు. అలైన్‌మెంట్ అక్కర్లేదు, లింక్ రాడ్ చక్రం కోణాన్ని పట్టుకునే పార్టు కాదు. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, షాక్ అబ్జార్బర్ ముట్టుకుంటే మాత్రం తప్పనిసరి.

ముందు రోజు సాయంత్రమే నట్ల మీద, బయటికి కనిపించే మరల మీద వైర్ బ్రష్‌తో మట్టి అంతా గీకి, డబ్ల్యూడీ-40 లాంటి రస్ట్ స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున ఇంకోసారి కొట్టండి. బ్రేక్ డిస్కు మీద, ప్యాడ్ల మీద మాత్రం చుక్క పడకూడదు, పాత గుడ్డ అడ్డం పెట్టండి.

బండి ఎత్తే ముందు వెనక చక్రాలు రెండింటికీ ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. ఇక్కడ చాలామంది మొదటి గేర్‌లో వేశాం కదా అనుకుంటారు. ఇవి ముందు చక్రాలతో నడిచే బండ్లు, గేరు ఆపేది ముందు చక్రాలనే, అవి గాల్లో ఉంటే గేరు ఉన్నా లేనట్టే. బండిని పట్టుకునేది వెనక హ్యాండ్ బ్రేక్, మీరు పెట్టిన దిమ్మలు, అంతే. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయండి. తర్వాత జాకీతో ఎత్తి, డోరు కింద అంచులో కంపెనీ జాకీ కోసం గుర్తు పెట్టిన చోట స్టాండ్ పెట్టి, మెల్లగా బరువు దాని మీదకి దించండి. జాకీ కూడా ఆ గుర్తుకి దగ్గరలో గట్టి చోటే పెట్టాలి, ఇంజన్ ఆయిల్ సంపు కింద, ఫ్లోర్ రేకు కింద పెడితే సొట్టలు పడతాయి. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్ ఎత్తుగా పేర్చి దాని మీద బండి ఆనించడం మన దగ్గర చాలా చోట్ల చూస్తాం, దయచేసి వద్దు, అవి పగిలేముందు ఏ హెచ్చరికా ఇవ్వవు. విప్పిన చక్రాన్ని డోరు కింద అడ్డంగా పడుకోబెట్టండి. స్టాండ్ మీద పెట్టాక చేత్తో బండిని నెట్టి చూడండి, కదిలితే దించి మళ్లీ పెట్టండి. ఈ పనికి బండి కిందకి దూరాల్సిన అవసరమే లేదు, చక్రం తీసిన ఖాళీలోంచే అంతా అందుతుంది. అందుకే ఇంట్లో చేసుకోవచ్చని నేను ధైర్యంగా చెప్తున్నాను.

రెండు పక్కలా ఎత్తి, రెండు స్టాండ్ల మీద పెట్టండి. ఒక్క పక్కే ఎత్తితే ఆ చక్రం కిందకి వేలాడుతుంది, రెండోది నేల మీదే ఉంటుంది, మధ్యలో కడ్డీ మెలిపడి ఉంటుంది. నట్టు ఊడగానే లింక్ ఎగిరి చేతికి తగలొచ్చు, కొత్తది పెట్టేటప్పుడు రంధ్రం ఎదురుగా రాదు. రెండూ ఒకే ఎత్తులో వేలాడుతుంటే లింక్ చేత్తోనే వచ్చేస్తుంది. అప్పటికీ అర అంగుళం తేడా ఉంటే, స్టాండ్లు అలాగే ఉంచి, జాకీని ఆ పక్క లోయర్ ఆర్మ్ చివర కింద పెట్టి కొద్దిగా లేపితే రంధ్రం ఎదురొస్తుంది.

నట్టు విప్పేటప్పుడు లోపలి బాల్ స్టడ్ (నట్టు ఎక్కే మరల మొన) కూడా దానితో పాటు గిరగిరా తిరుగుతుంది, ఎంత తిప్పినా ఊడదు. దాన్ని ఆపడానికి స్టడ్ చివర ఎల్ కీ పట్టే ఆరు పలకల గుంట ఉంటుంది, లేదా బూటు పక్కన సన్నటి పానా పట్టే చోటు ఉంటుంది. గుంటలో తుప్పు, మట్టి ఉంటే సూదితో, చిన్న స్క్రూడ్రైవర్‌తో పూర్తిగా గీకి, ఎల్ కీని సుత్తితో రెండు దెబ్బలు కొట్టి లోపలి దాకా దించాకే రింగ్ పానాతో నట్టు తిప్పండి. పైపైన పెట్టి తిప్పితే గుంట గుండ్రమైపోతుంది. అలా అయిపోతే పాత లింక్ ఎలాగూ పారేసేదే కాబట్టి హ్యాక్సా బ్లేడుతో స్టడ్ కోసేయండి. గ్రైండర్ వాడితే ఇంకా త్వరగా అయిపోతుంది కానీ పక్కనే బ్రేక్ గొట్టం, ఏబీఎస్ ఉన్న బండ్లలో సెన్సర్ వైరు, యాక్సిల్ రబ్బరు బూటు ఉంటాయి, నిప్పురవ్వలు వాటి మీద పడితే పెద్ద ఖర్చు. స్టిల్ట్‌లో పక్కన వేరేవాళ్ల బైకులు ఉంటాయి, పెట్రోలు వాసన ఉన్న చోట గ్రైండర్ అసలే వద్దు. మేము హ్యాక్సాతోనే కోశాం, చేతులు నొప్పి పుట్టాయి కానీ భయం లేకుండా అయిపోయింది.

కొత్త లింక్‌తో కొత్త నట్లు వస్తాయి, అవే వాడండి, పాతవి మళ్లీ బిగించొద్దు. ఇంపాక్ట్ గన్‌తో (నట్లు బిగించే మిషన్‌తో) కొట్టొద్దు, స్టడ్ తిరిగి కొత్త బూటు మెలికపడి చిరుగుతుంది. చేత్తో బిగించి చివర టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) పెట్టండి. చాలా చిన్న కార్లలో లింక్ నట్టు 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ మోడల్‌కి ఎంతో సర్వీస్ మాన్యువల్ చూసి పెట్టుకోండి. చక్రం నట్లు పక్కపక్కనవి వరసగా కాకుండా, ఎదురెదురువి, మొదట చేత్తో పట్టేదాకా, తర్వాత బండి నేల మీదకి దించి పూర్తిగా బిగించండి. కొన్నాళ్లు నడిపాక లింక్ నట్లు, చక్రం నట్లు ఇంకోసారి చూడండి.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ముందే ఒక మాట చెప్పి, కింద అట్టపెట్టెలు పరిస్తే గొడవ ఉండదు. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి, ఏదైనా పార్టు తేవాల్సొస్తే పగలు మిగిలి ఉంటుంది.


పానాపట్టు_సైనిక్‌పురి:

తార్నాక మేడమ్ చెప్పిన దానికి నేను కలపాల్సింది పార్టు కొనే సంగతి. మారుతి జెన్యూన్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్తే ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్ ఇవ్వండి, మోడల్ సంవత్సరం చెప్పి అడగొద్దు, ఒకే సంవత్సరంలో పాత రకం కొత్త రకం రెండూ అమ్మి ఉంటారు. కొన్ని బండ్లలో ఎడమ కుడి లింకులు ఒకటే, కొన్నింటిలో స్టడ్లు తిరిగిన దిక్కు వేరు, కౌంటర్ దగ్గరే రెండూ పక్కపక్కన పట్టుకుని చూసుకోండి. పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ షాపుల్లో కూడా దొరుకుతాయి, రేటు తక్కువ ఉండొచ్చు, కానీ ప్యాకింగ్ మీద హోలోగ్రామ్, పార్ట్ నంబర్ ముద్ర సరిగ్గా ఉన్నాయా చూడండి, బిల్లు తీసుకోండి. చేతిలో పట్టుకుని స్టడ్ ఊపితే కొత్త జాయింటు బిగుతుగా, ఒకే రకంగా కదలాలి. తేలిగ్గా వేలాడిపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి, అది ఒక వానాకాలం కూడా ఆగదు.

జాకీ స్టాండ్లు, టార్క్ రెంచ్, ఎల్ కీ సెట్టు రాణిగంజ్‌లో చూడండి. స్టాండ్ మీద ఎంత బరువుకో ముద్ర ఉండాలి, పిన్ను గానీ పళ్లు గానీ పూర్తిగా కూర్చోవాలి, వెల్డింగ్ శుభ్రంగా ఉండాలి. మిగతా పానాల్లో రేటు చూసుకోండి, స్టాండ్ల దగ్గర మాత్రం రేటు చూడకండి.

బండి ఎత్తినప్పుడు ఇంకో పని కూడా చేయండి. రెండు చక్రాలూ గాల్లో ఉండగా, విప్పే ముందే, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆడితే కింది బాల్ జాయింటో బేరింగో. కుడీ ఎడమా పట్టుకుని ఊపండి, ఆడితే టై రాడ్. ఆ ఇరవై వేల ఎస్టిమేట్‌లో నిజమెంతో అక్కడే బయటపడుతుంది.


నిజాంపేట్_స్విఫ్ట్:

పని అయిపోయింది. తమ్ముడూ నేనూ కలిసి చేశాం. కుడి పక్క నట్లు స్ప్రేకి లొంగాయి, ఎడమ కింది నట్టు ఎల్ కీకి లొంగలేదు, హ్యాక్సాతోనే కోశాం. రెండు పక్కలా ఎత్తమన్నది బంగారం లాంటి మాట, కొత్త లింకులు చేత్తోనే కూర్చున్నాయి. పాత ఎడమ లింక్ చూస్తే కింది బాల్ సాకెట్‌లో గింజలాగా దొర్లుతోంది, గ్రీజు అనేదే లేదు, లోపలంతా ఎర్రమట్టి.

కాలనీలో అదే తవ్విన చోట, అదే ఏటవాలు బ్రేకర్ మీద తిప్పాను, టక్ టక్ పూర్తిగా పోయింది. షాక్ అబ్జార్బర్లకి ఏ రోగమూ లేదు. పైనా కిందా ఊపినప్పుడు గానీ, కుడీ ఎడమా ఊపినప్పుడు గానీ చక్రాల్లో లూజు లేదు.

ఒకటి మాత్రం ఇప్పుడు బయటపడింది. ఆ చప్పుడు పోయాక ఇంకోటి వినపడుతోంది, పార్కింగ్‌లోంచి రివర్స్ తీసి, ఆపి, ముందుకి కదిలేటప్పుడు ఎడమ పక్కే ఒక్క ధబ్. టార్చ్ వేసి చూస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్ రబ్బరులో పగులు కనిపిస్తోంది, ప్రై బార్ పెడితే మామూలు కన్నా ఎక్కువ కదులుతోంది, కుడి దానితో పోల్చి చూశాను. స్టాండ్లు, పానాలు ఉన్నాయి కదా, లోయర్ ఆర్మ్ కూడా ఇంట్లోనే చేయొచ్చా?


బాలానగర్_వర్క్‌షాప్:

తమ్ముడూ, నేను మెకానిక్‌ని, ఈ పనే నా బతుకు. ఇంట్లో చేసుకుంటే మాకు గిరాకీ పోతుందని చెప్పట్లేదు. లింక్ రాడ్ ఇంట్లో చేసుకోవడం మంచిదే, మీరు చేసిన పద్ధతి కూడా కరెక్టు. లోయర్ ఆర్మ్ దగ్గర మాత్రం గీత గీసుకోండి.

ఎందుకో చెప్తా. లింక్ రాడ్ విరిగిపోయినా బండి మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది, చప్పుడు చేస్తుంది, అయినా మెల్లగా ఇంటికొస్తుంది. లోయర్ ఆర్మ్ చక్రాన్ని దాని చోట పట్టి ఉంచేది. దాని బాల్ జాయింటు బోల్టు సరిగ్గా కూర్చోకపోతే నడుస్తున్న బండికి చక్రం బయటికి పడుకుంటుంది. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకోటి, దీనికి బండి కింద దాకా చెయ్యి, తల పెట్టాలి, బోల్టులకి పొడుగు రాడ్ వేసి బలంగా లాగాలి. స్టాండ్ల మీదున్న బండిని అంత బలంతో లాగితే స్టాండే పక్కకి తిరిగే ప్రమాదం ఉంది. మా దగ్గర రెండు స్తంభాల లిఫ్ట్ ఉంటుంది కాబట్టి మేం నిలబడి చేస్తాం.

షాక్ అబ్జార్బర్ కూడా అంతే, యూట్యూబ్ చూసి స్ప్రింగు విప్పాలనుకునేవాళ్లకి కూడా ఇది చెప్పాలి. ఆ స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది, స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కి పట్టే పరికరం) లేకుండా పై నట్టు ఊడదీస్తే మౌంటు తూటాలాగా ఎగురుతుంది. చవక కంప్రెసర్ జారినా అంతే. మా షాపులోనే ఆ పని చేసేటప్పుడు ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వం.

ఇప్పుడు మీ బుష్ సంగతి. ఆర్మ్ మొత్తం మార్చాలని అందరూ అంటారు. ఆర్మ్ వంగకుండా, బాల్ జాయింటు గట్టిగా ఉంటే బుష్ ఒక్కటే ప్రెస్ చేసి మార్చవచ్చు, బాలానగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపులు చాలా ఉన్నాయి. సుత్తితో కొట్టి దించేవాడి దగ్గర చేయించొద్దు, బుష్ బయటి ఇనుప గొట్టం నొక్కుకుపోయి కొత్త రబ్బరు మొదటి రోజు నుంచే ఒత్తిడిలో ఉంటుంది. బుష్‌కి ఒక దిక్కు ఉంటుంది, మధ్యలో ఖాళీలున్న రకమైతే ఆ ఖాళీలు ఎటు ఉండాలో పాతదాన్ని తీసేముందే సుద్దతో గుర్తు పెట్టాలి, తిప్పి పెడితే బ్రేక్ వేసినప్పుడు బండి కొట్టుకుంటుంది. బాల్ జాయింటులో కూడా లూజు ఉంటే అప్పుడు ఆర్మ్ మొత్తం మార్చడమే తక్కువ ఖర్చు.

మీరు ఎక్కడ చేయించినా మెకానిక్ పక్కన నిలబడి ఒక్కటి అడగండి. ఆర్మ్ బోల్టులు చివరి బిగింపు ఎప్పుడు వేస్తున్నాడని. చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తే, బుష్ రబ్బరు ఆ వేలాడే స్థితిలో ఇరుక్కుపోతుంది. బండి నేల మీదకి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ఏడాదిలోపే చిరిగిపోతుంది. మీ బుష్ కూడా ఇంతకుముందు అలా బిగించిందే అయి ఉండొచ్చు. బోల్టులు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, లేదా ఆర్మ్ కింద జాకీ పెట్టి మామూలు ఎత్తుకి లేపాక, అప్పుడు టార్క్ వేయాలి. ఇదంతా కలిపి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, తొందరలో చాలామంది వదిలేస్తారు. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి.


నిజాంపేట్_స్విఫ్ట్:

అర్థమైంది అన్నా, ఆర్మ్ జోలికి నేను పోను. వచ్చే శనివారం లీవ్ పెట్టి దగ్గరుండి చేయిస్తాను. బుష్ ఒక్క ఎడమదే వేయించాలా, కుడిది కూడానా? అలైన్‌మెంట్ వేరే చోట చేయించినా పర్లేదా?


బాలానగర్_వర్క్‌షాప్:

బుష్‌లు ఒక పక్క కొత్తవి ఒక పక్క పాతవి ఉంటే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక వైపు లాగొచ్చు, రెండు పక్కలా వేయించండి. అలైన్‌మెంట్ ఎక్కడైనా పర్లేదు, కానీ బండి అక్కడిదాకా కాసేపు నడిచి వెళ్లాలి, రబ్బరు తన చోట కూర్చుంటుంది. టైర్లలో గాలి ముందే సరిచూసుకుని వెళ్లండి. మిషన్‌లోంచి ముందు రీడింగ్, తర్వాత రీడింగ్ రెండూ ఉన్న ప్రింట్ తీసుకోండి. స్టీరింగ్ సూటిగా ఉందో లేదో మీరే నడిపి చూశాకే డబ్బులివ్వండి.